మడి కట్టుకున్న బ్రౌజరు

ఉబుంటు వాడేవాళ్లకి 2022లో ఒక యోగం పట్టింది. 22.04 వెర్షన్‌తో వచ్చిన ఫైర్‌ఫాక్స్ స్నాప్ అనే డబ్బాలోకి వెళ్లి, మడి కట్టుకుని కూర్చుంది. ఏదో ప్రోగ్రాము గ్రాఫు గీసి, హెచ్‌టీఎంఎల్ ఫైలుగా టెంప్ ఫోల్డర్లో పెట్టి, కాస్త చూపించమని బ్రౌజర్ని పిలుస్తుంది. బ్రౌజరు వచ్చి, అలాంటి ఫైలేదీ లేదంటుంది. టెర్మినల్లో చూస్తే ఫైలు నిక్షేపంలా ఉంటుంది. పోనీ అబద్ధమా అంటే అదీ కాదు. స్నాప్ ప్రతి ప్రోగ్రాముకీ ఓ సొంత టెంప్ ఇచ్చి, దానికీ అదే పేరు పెట్టింది. పేరొకటే, చోట్లు రెండు. వెతుక్కోవడం మన వంతు.

ఎందుకయ్యా ఇదంతా అంటే జవాబు సిద్ధం: మీ భద్రత కోసమే. టెంప్ యూనిక్స్ కాలం నుంచీ ఎవరైనా రాసుకోగలిగే ఫోల్డరు. అక్కడ ఏ పేరుతో ఫైలు రాబోతోందో ముందే ఊహించి, ఆ పేరు మీద దొంగ లింకు వేసి దెబ్బతీసిన చరిత్ర ఉన్నమాట నిజమే, కాదనను. కానీ ఈ కాపలా లెక్క చూడండి. ఉబుంటు డెస్క్‌టాప్‌లో ఈ స్నాప్ బ్రౌజర్‌కి 'హోమ్' అనుమతి మనల్ని అడగకుండానే దఖలు పడుతుంది. అంటే డాక్యుమెంట్స్‌లో ఉన్న ఆధార్ కాపీ, బ్యాంకు స్టేట్‌మెంటు, బావమరిదికిచ్చిన అప్పు తాలూకు నోటు, అన్నీ అది చదవొచ్చు. చదవకూడనిదల్లా రీబూట్ చేస్తే చెరిగిపోయే ఆ గ్రాఫు. అంటు తగిలేది దానికే!

పేరు ముందు చుక్క ఉన్న ఫోల్డర్లన్నా ఇదే పట్టింపు. జూపిటర్ నోట్‌బుక్ మొదలయ్యేటప్పుడు బ్రౌజర్‌కి దారి చూపే చిన్న ఫైలొకటి రాసి, అలాంటి ఫోల్డర్లోనే పెడుతుంది. స్నాప్ బ్రౌజరు దాన్ని ముట్టదు. డేటా సైన్స్ నేర్చుకుందామని కూర్చున్న కుర్రాడికి మొదటి పాఠం, అనుమతి నిరాకరణ. ఆ ఫైలు వాడొద్దని సెట్టింగుల్లో ఒక్క వరస రాస్తే పని జరుగుతుంది. ఆ వరస ఏమిటో వెతకడానికి బ్రౌజరు కావాలి, అది వేరే విషయం.

ఇక స్నాప్ ప్రోగ్రాము తన టెంప్‌లో రాసుకున్నదాన్ని బయటికి తెచ్చుకోవాలంటే? అది అసలు టెంప్ లోపలే, ప్రత్యేకంగా కట్టిన ఇంకో ఫోల్డర్లో ఉంటుంది. తాళం రూట్ దగ్గర. మీ కంప్యూటరు, మీ ఫైలు; చూడాలంటే మాత్రం సుడో కొట్టాలి. భద్రత పేరు చెప్పి, ఓ చిత్తుకాగితం కోసం జనానికి అడ్మిన్ పాస్‌వర్డు కొట్టడం అలవాటు చేస్తున్నారు.

ఫ్లాట్‌పాక్ అనే ఇంకో డబ్బా కాస్త మర్యాద తెలిసినది. ఫైలు ఎంచుకునే కిటికీలో మనమే చూపిస్తే, పోర్టల్ ద్వారా ఆ ఒక్కదాన్నీ లోపలికి అందిస్తుంది. ఒక్కదాన్నే! పేజీ వస్తుంది, దాని పక్కనున్న బొమ్మలూ స్టైల్ ఫైలూ బయటే నిలబడతాయి. విసిగిపోయి ఎవరినైనా సలహా అడగండి. టెంప్ ఒక్కదానికే అనుమతి ఇచ్చే వీలున్నా అంత ఓపిక ఎవరికీ ఉండదు. అనుమతులు మార్చే ఫ్లాట్‌సీల్ తెరిచి, ఫైల్‌సిస్టం మొత్తానికి స్విచ్ వేసెయ్యమంటారు. వేశాక దాదాపు అంతా తెరుచుకుంటుంది, కావలసిన టెంప్ మాత్రం ఆ 'మొత్తం' లెక్కలోకి రాదు. మడిబట్ట దండెం మీద, పెద్దావిడ బజార్లో.

విచిత్రమేమిటంటే, ఫైర్‌ఫాక్స్‌ని కన్న మొజిల్లాయే 2024 జనవరిలో, 122వ వెర్షన్‌తో, ఏ డబ్బా లేని డెబ్ ప్యాకేజీని తన సొంత రిపాజిటరీలో పెట్టింది. సరే, వేసుకుందామని ప్యాకేజీలు దింపే ఆప్ట్‌కి చెబితే ఉబుంటు మళ్లీ స్నాప్‌నే దింపుతుంది. ఉబుంటు దగ్గర ఫైర్‌ఫాక్స్ పేరుతోనే ఒక ఉత్తుత్తి ప్యాకేజీ ఉంది. లోపల బ్రౌజరు ఉండదు, స్నాప్‌ని పిలవడమే దాని ఉద్యోగం. దాని వెర్షన్ అంకెకి ముందు ఒక ఒకటీ ఒక కోలనూ తగిలించారు. ఆప్ట్ లెక్కలో ఆ రెండూ ఉంటే చాలు, ఖాళీ ప్యాకేజీ 122 కన్నా కొత్తదైపోతుంది. అందుకే మొజిల్లా తన సూచనల్లో, రిపాజిటరీ చేర్చి ఊరుకోకుండా, ప్రాధాన్యం 1000 అని ఇంకో ఫైలు కూడా రాసుకొమ్మంటుంది.