సంతకంతో కన్న పిల్లలు

భద్రాచలం ఏజెన్సీ పిల్లలకు అవగాహన సదస్సు పెట్టి వ్యక్తిగత సమాచారం కాపాడుకోవడం నేర్పించాలట. మంచిదే. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, ఫొటో ఎవరికి పడితే వాళ్లకు పంపొద్దు, ముక్కూ మొహం తెలియనివాళ్లు వివరాలడిగితే నోరు విప్పొద్దు. అన్నీ చక్కని సుద్దులే. చిక్కల్లా ఏమిటంటే, ఆశ్రమ పాఠశాలలో చేరిన కోయపిల్లను కులం, ఆధార్, బరువు, రక్తం శాతం అడిగేవాళ్లెవరూ ముక్కూ మొహం తెలియనివాళ్లు కారు. అందరూ సార్లూ మేడమ్‌లే.

అసలీ పాఠం ఇక్కడికి కొత్త కాదు. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో ప్రాక్టికల్స్‌తో సహా చెప్పారు. 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు, దాదాపు 14 వేల మంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేసి చూసే అధ్యయనం. నడిపింది పాత్ అనే అమెరికా సంస్థ. చెయ్యి కలిపినవాళ్లు ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం. టీకా మీద నాకు కక్ష లేదు, ఇవాళ ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. మధ్యలో కొందరు పిల్లలు చనిపోయారు; టీకాతో సంబంధం కనబడలేదని విచారణ సంఘం అంది. 2010 ఏప్రిల్‌లో అంతా ఆపేశారు. సరే. నా గొడవ కాగితాలతో.

అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 9,543 అంగీకార పత్రాలు చూస్తే 1,948 మీద వేలిముద్రలు. 2,763 మీద కన్నవాళ్లకు బదులు హాస్టల్ వార్డెన్ల సంతకాలు. లెక్క నాది కాదు, 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం సభ ముందు పెట్టిన నివేదికది. రెండు వేల ఏడువందల అరవై ముగ్గురు ఆడపిల్లలు! కౌరవుల్ని కన్న గాంధారి కూడా నూటొక్కరితో ఆగింది, అదీ నేతికుండల సాయంతో. మనవాళ్లకు బాల్‌పెన్ను చాలింది. పాపం, వార్డెన్లను అని ఏం లాభం? పైవాళ్లు టార్గెట్ పెట్టారు, కిందివాళ్లు సంతకం పెట్టారు. కన్నవాళ్లేమో ఎక్కడో గూడెంలో. కూలికో తునికాకుకో పోయి ఉంటారు. ఫారం అంతదూరం నడిచి వెళ్లేలోగా గడువు దాటిపోదూ!

ఈ గడ్డ మీదే అనుమతి లేకుండా ఖజానా సొమ్ముతో గుడి కట్టినందుకు కంచర్ల గోపన్నను గోల్కొండ చెరసాలలో 12 ఏళ్లు పెట్టారని చెప్పుకుంటాం. అది తానీషా సొమ్ము మరి. ఇవి గూడెం పిల్లల ఒళ్లు.

ఇప్పుడు చట్టం వచ్చిందిగా అంటారు. వచ్చింది. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 నిండనివాళ్లంతా పిల్లలే. వాళ్ల వివరాలు ముట్టుకోవాలంటే తల్లిదండ్రుల అంగీకారానికి రుజువుండాలి, వాళ్ల కదలికల మీద కన్ను వేయకూడదు, తప్పితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా. చదువుతుంటే ఒళ్లు పులకరిస్తుంది. 2025 నిబంధనల దాకా వెళ్తే పులకింత దిగుతుంది. చదువు కోసం, భద్రత కోసం అయితే విద్యాసంస్థలు పిల్లల్ని కనిపెట్టుకుని ఉండొచ్చట. పథకాలూ రాయితీలూ అయితే సర్కారుకు అంగీకారం ఊసెత్తకుండా పని కానిచ్చే దారులు చట్టంలోనే ఉన్నాయి. ఏజెన్సీ పిల్లకు చదువు, భద్రత, పథకం కానిదేముంది? తినే గుడ్డు పథకం, కప్పుకునే దుప్పటి పథకం, బడికి వచ్చానని చెప్పడానికి యాప్ ముందు పెట్టే మొహం చదువు. ఇన్‌స్టాగ్రామ్‌ను మాత్రం దగ్గరికి రానివ్వం, జాగ్రత్త!

2009లో జబ్బ చూపించిన ఆ అమ్మాయిలకు ఇప్పుడు ముప్పైకి అటూ ఇటూ వయసు. చాలామంది తల్లులై ఉంటారు. పిల్లల్ని అవే హాస్టళ్లలో చేర్పిస్తూ ఉంటారు. మీ అవగాహన సదస్సుకు ముందు వాళ్లను పిలవండి సార్. మా పేరున మా అమ్మానాన్నలు పెట్టని సంతకాల కాగితాలు ఇప్పుడు ఏ ఆఫీసు బీరువాలో ఉన్నాయి, వాటిని ఎవరెవరు చూశారు అని అడుగుతారు. జవాబు దొరికాక పిల్లలకు పాఠం మొదలుపెట్టండి.