చెక్క పుచ్చింది, రంగు అదిరింది

అమెరికాలో ఇప్పుడో పుణ్యకార్యం జోరుగా సాగుతోంది. 1960ల, 70ల నాటి ట్రక్ క్యాంపర్‌ను, అంటే పికప్ ట్రక్కు తొట్టిలో ఎక్కించుకుని తిరిగే బుల్లి ఇంటిని, ఎవరి పెరట్లోనో గడ్డి మొలిచి పడున్నదాన్ని చవగ్గా పట్టుకొస్తారు. రెండు వారాంతాలు గడిచేసరికి లోపలంతా తెల్లరంగు, పొయ్యి వెనక అంటించే టైల్స్, పరుపు మీద నాలుగు దిండ్లు, కిటికీలో ఒక కాక్టస్ కుండీ. దీని పేరు పునరుద్ధరణ. గుళ్లకు జీర్ణోద్ధరణ చేయించిన రాజులు కూడా ఇంత మురిసిపోయి ఉండరు.

రంగు మాత్రం బాగా వేస్తారు, కాదనకూడదు. గోడలకు వేస్తారు, అరలకు వేస్తారు, కప్పులో కనిపించే గోధుమరంగు నీటి మరకకైతే ప్రేమగా ఇంకో రెండు కోట్లు వేస్తారు. ఆ మరక ఎక్కణ్నుంచి వచ్చిందని మాత్రం అడగరు. అడిగితే నిచ్చెన వేసుకుని పైకెక్కాలి. ఎక్కితే ఫొటోలో ఏం పడుతుంది?

అసలీ పెట్టెను కట్టిన తీరు చూడండి. బయట పల్చటి అల్యూమినియం రేకు, లోపల మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్, మధ్యలో సన్నటి కర్రల చట్రం, సందుల్లో గ్లాస్‌వుల్. రేకులు కలిసే మూలల్లో, కిటికీ ఫ్రేముల వెనక పుట్టీ టేపు పెట్టి స్క్రూలు బిగించారు. యాభై ఏళ్లకు ఆ పుట్టీ ఎండి, బీటలు వారి, రాలిపోతుంది. వాననీరు స్క్రూల వెంబడే దిగుతుంది, గ్లాస్‌వుల్ దాన్ని పీల్చుకుంటుంది, కర్ర నానిపోతుంది. లోపల మరక తేలేది చిట్టచివర. సాధారణంగా ముందు పోయేది, డ్రైవర్ క్యాబిన్ మీదికి పొడుచుకొచ్చిన మంచం భాగం. అక్కడి కిటికీ కింద మూలన స్క్రూడ్రైవర్ ఆనించారంటే హల్వాలో దిగినట్టు పిడిదాకా దిగిపోతుంది. ఇద్దరు పడుకునేది దాని మీదే. కంపు సంగతంటారా, లావెండర్ కొవ్వొత్తులున్నాయిగా!

దీన్ని బాగుచేసే పద్ధతి లేకపోలేదు. మూలల పట్టీలు ఊడదీయాలి, పాత పుట్టీ గీకాలి, లోపలి ప్లైవుడ్ పీకి చట్రాన్ని పూర్తిగా ఆరనివ్వాలి, పుచ్చిన కర్ర కోసి కొత్తది వెయ్యాలి, బ్యూటైల్ టేపుతో మళ్లీ బిగించాలి, హోసు పైపుతో నీళ్లు కొట్టి ఎక్కడైనా కారుతోందేమో చూడాలి. ఆ తర్వాతే రంగు. ఇంత కష్టపడినవాడి ‘ముందు’ ఫొటోకీ ‘తర్వాత’ ఫొటోకీ పెద్ద తేడా ఉండదు, పాపం. వాడికి లైకులెవరు కొడతారు?

గ్యాసు దగ్గర వ్యవహారం నవ్వులాట కాదు. ప్రొపేన్ గాలికన్నా బరువైనది, లీకైతే నేలకు దిగి పేరుకుంటుంది. అందుకే పాతకాలం వాళ్లు సిలిండర్ ఉండే అరకు అడుగున బయటికి కన్నం పెట్టారు. మన అలంకరణ నిపుణుడి కంటికి అది చలిగాలి దూరే బొక్క. నున్నటి పలక కొట్టి మూసేస్తాడు.

అచ్చమైన పాత వస్తువులన్నీ చెత్తకుప్పకే. ఆకుపచ్చ ఐస్‌పెట్టె పోయింది, పింగాణీ పూత పొయ్యి పోయింది. వాటి స్థానంలో పాతవాటిలా కనిపించేలా తయారైన కొత్త దీపాలు కొనితెస్తారు. తేలికైన ఫార్మికా బల్ల పీకి మందపాటి చెక్కదిమ్మ బిగిస్తారు. మోసే ట్రక్కును అడిగినవాడు లేడు.

జాన్ స్టైన్‌బెక్ 1960లో చార్లీ అనే కుక్కను వెంటబెట్టుకుని ఇలాంటి క్యాంపర్‌లోనే అమెరికా చుట్టొచ్చాడు. డాన్ కిహోటే గుర్రం పేరే దీనికీ పెట్టాడు, రోసినాంతే అని. కాలిఫోర్నియాలోని సలీనాస్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. ఆ మ్యూజియం వాళ్లకు అభిరుచి బొత్తిగా లేనట్టుంది, లోపల చెక్క చెక్కరంగులోనే ఉంది.

డాలస్‌లోని మనవాళ్లు కూడా ఇందులోకి దిగితే పంతులుగారికి కొత్త ధర్మసందేహం. పాలు పొంగించాలా, నిమ్మకాయలు తొక్కించాలా? పొయ్యి క్యాంపర్‌దీ, చక్రాలు ట్రక్కువీ మరి.

చివరికి రెట్టింపు ధరకు ప్రకటన పడుతుంది, ‘పూర్తిగా పునరుద్ధరించినది’ అని. చూడటానికి వెళ్లినప్పుడు అమ్మేవాణ్ని, “పైకప్పుకు సీలెంట్ ఎప్పుడు వేయించారండీ?” అని ఒక్క మాట అడిగి చూడండి.

“ఆ కర్టెన్లు చూశారా?” అంటాడు. “అచ్చమైన లినెన్!”