పంజాగుట్ట త్రిపత్ర శాసనం

చరిత్ర శాఖకు పుస్తకాలు కొనాలంటే మూడు కొటేషన్లు తేవాల్సిందేనట. ముగ్గురిలో తక్కువ రేటు వేసినవాడికే ఆర్డరట. ఏ విశ్వవిద్యాలయం వారి సర్క్యులరో పేరు రాయను. మీరు ఈపాటికి వాట్సాప్‌లో చూసే ఉంటారు. పైగా ఒకరి పేరు రాస్తే, మేమూ అదే పని చేస్తున్నాం కదా, మమ్మల్నెందుకు మరిచావని మిగతావాళ్లు నొచ్చుకుంటారు.

నిజానికి చరిత్ర మాస్టార్లు మురిసిపోవాల్సిన సంగతి ఇది. ఒక్క ఆధారం చూసి దేన్నీ నమ్మకండి, రెండోదీ మూడోదీ వెతకండి అని క్లాసులో చెప్పేది వాళ్లే. ఇన్నాళ్లకు ఆ పాఠం ఒకరి బుర్రకెక్కింది. ఎంఏ విద్యార్థికి కాదు, అకౌంట్స్ సెక్షన్‌కు. అంత శ్రద్ధగా చరిత్ర పద్ధతి పాటిస్తున్నప్పుడు ఆ మూడు కొటేషన్లను ఉత్త ఆఫీసు కాగితాల్లా చూడటం మర్యాద కాదు. శాసనాన్ని పరిష్కరించినట్టు పరిష్కరించాలి. ఇదిగో, నాకు చేతనైనంత.

దొరికిన చోటు: అమీర్‌పేట, మైత్రీవనం పక్క సందు, ఒక జిరాక్స్ షాపు కౌంటరు. ఇక్కడికి మెట్రోలో రెండు స్టేషన్ల దూరంలో ఎర్రమంజిల్ ఉంది. నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించిన భవనం. దాన్ని కూల్చి అసెంబ్లీ కడతామని 2019లో మంత్రివర్గం తీర్మానిస్తే సెప్టెంబరు 16న హైకోర్టు అడ్డుపడింది. చరిత్ర విషయంలో పంజాగుట్ట వైపు జనానికి ఉన్న అదృష్టం అంతటితో అయిపోయింది.

స్వరూపం: ఏ ఫోర్ సైజు రేకులు మూడు. తూర్పు చాళుక్యుల రాగిరేకుల్ని ఒక ఉంగరంతో గుచ్చి, దానికి వరాహముద్ర వేసేవారు. వీటిని ట్యాగుతో గుచ్చి, గుండ్రని రబ్బరు స్టాంపు వేశారు. మూడు స్టాంపుల సిరా ఒకే ఊదా రంగు. ఒకదాని తడి ఇంకోదానికి అంటింది.

ఇక ప్రశస్తి. చాళుక్యులు మానవ్య గోత్రులమనీ హారీతి పుత్రులమనీ మొదలుపెట్టి పెద్ద పెద్ద బిరుదులు చెప్పుకున్నాక గానీ ఊరు దానమివ్వరు. ఇక్కడా అంతే. మొదటి రేకు తలకట్టులో ప్రభువుల వారి బిరుదావళి: చీపుర్లు, ఫినాయిల్, ప్రింటర్ టోనర్లు, స్టీలు బీరువాలు, రివాల్వింగ్ కుర్చీలు, తదితర సమస్త ఆఫీసు సామగ్రి. చిట్టచివర, చోటు మిగిలితే, బుక్స్. రెండో రేకు ప్రభువుది పంజాగుట్ట ద్వారకాపురి కాలనీ, మూడో ఆయనది ఎస్.ఆర్. నగర్. ముగ్గురూ స్వతంత్ర రాజులు, ఒకరికొకరు సామంతులు కారు. ఫోన్ నంబరు మాత్రం వారిలో ఇద్దరిదీ ఒకటే.

లిపి, లేఖకుడు: ఈ భాగం చాలా ముఖ్యం. రోమిలా థాపర్‌ను మొదటి రేకు ‘రోమిలా టాపర్’ అని చెక్కింది. కోచింగ్ సెంటర్ల మధ్య చెక్కిన శాసనం కదా, లేఖకుణ్ని తప్పుపట్టలేం. కానీ రెండో రేకులోనూ టాపరే, మూడో రేకులోనూ టాపరే. డి.డి. కోశాంబి మూడింటిలోనూ కౌశాంబి అయ్యాడు. మనిషి ఊరైపోయాడు. మూడు రాజ్యాలకూ లేఖకుడు ఒక్కడే అని ఇంటర్ పిల్లవాడైనా చెప్పగలడు. తగ్గింపు మొదటి రేకులో పది శాతం, రెండో దాంట్లో తొమ్మిది, మూడో దాంట్లో ఎనిమిది. శత్రురాజుల మధ్య ఇంత సఖ్యత కాకతీయులు, యాదవుల మధ్య ఉండి ఉంటే ఓరుగల్లు, దేవగిరి చరిత్ర ఇంకోలా ఉండేది.

కాలం: మార్చి చివరి వారం. ముప్పై ఒకటి దాటితే గ్రాంటు మురిగిపోతుంది. అందుకే ఈ వంశం శాసనాలన్నీ ఆ వారంలోనే దొరుకుతాయి.

దానశాసనాల చివర శాపాలుంటాయి. ఈ దానాన్ని హరించినవాడు అరవై వేల ఏళ్లు పెంటలో పురుగై పుడతాడని. మన శాసనంలో ఆ జాగాలో ఆడిట్ అభ్యంతరం, జీతంలోంచి రికవరీ ఉంటాయి. పురుగై పుట్టడమే నయమనిపించే ప్రొఫెసర్లు నాకు తెలుసు.

సాక్షి: శాఖాధిపతి. కంపారిటివ్ స్టేట్‌మెంట్ కింద, మూడు కొటేషన్లనూ పరిశీలించి ధ్రువీకరించడమైనది అన్న ముక్క పక్కన సంతకం.

పరిష్కర్తగా నా నిర్ణయం: ఇది కూటశాసనం, అంటే దొంగ శాసనం. ఈ మాట నా కల్పన కాదు. మనుస్మృతి కూటశాసనం రాసేవాడికి ఏకంగా మరణదండన వేసింది. 1901లో జె.ఎఫ్. ఫ్లీట్ ఇండియన్ ఆంటిక్వెరీలో దేశంలోని దొంగ శాసనాలకు ఒక జాబితా వేశాడు. క్రీ.శ. 631 నాటి మధుబన్ తామ్రశాసనంలో హర్షుడి సంగతి ఇంకా బాగుంటుంది. వామరథ్యుడనే ఆయన సోమకుండక గ్రామాన్ని దొంగ శాసనంతో అనుభవిస్తున్నాడని తెలిసి, హర్షుడు ఆ రేకును విరగ్గొట్టించి ఊరిని వేరే ఇద్దరికి ఇచ్చాడు. పదమూడు వందల తొంభై ఏళ్ల కింద ఒక రాజు దొంగ పత్రం పట్టుకుని విరగ్గొట్టాడు. ఇవాళ విశ్వవిద్యాలయం దాన్ని తనే అడిగి తెప్పించుకుని, నంబరు వేసి, బిల్లు పాస్ చేస్తోంది.

నవ్వులాట చాలు. ఆ సంతకం పెట్టిన ప్రొఫెసర్ మోసగాడు కాడు. సొంత జేబులో రూపాయి వేసుకోలేదు. పిల్లలకు పుస్తకాలు కావాలి, గ్రాంటు పోకూడదు, అంతే. దొంగ శాసనాన్ని ఎలా పసిగట్టాలో ఉదయం క్లాసులో చెప్పి, మధ్యాహ్నం ఒక దొంగ శాసనం అసలైనదని సంతకం పెట్టి వచ్చాడు. సర్క్యులర్ వేసిన పెద్దలారా, ఒక చరిత్రకారుడి చేత మీరు చేయించగలిగిన నీచమైన పని ఇంతకంటే లేదు. దానికి పారదర్శకత అని పేరు పెట్టారు.

అసలు పోల్చడానికి ఏముందని? పుస్తకం ధర ప్రచురణకర్తే దాని మీద అచ్చువేస్తాడు. గ్రంథాలయాలకు పది శాతం తగ్గింపు ఈ వ్యాపారంలో ఎప్పట్నుంచో ఉన్న ఆనవాయితీ. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ సున్నా. పుస్తకాలు తప్ప ఇంకేమీ అమ్మనివాడికి చట్టప్రకారం రిజిస్ట్రేషనే అక్కర్లేదు. సర్క్యులరేమో జీఎస్టీ నంబరు లేని కొటేషన్ చెల్లదంటుంది. అంటే, పుస్తకాలే బతుకుగా ఉన్నవాడు చరిత్ర శాఖకు పుస్తకం అమ్మడానికి అనర్హుడు, ఫినాయిల్ కూడా అమ్మితే అర్హుడు! తెలంగాణ పల్లెల్లో తిరిగి రాళ్ల మీది రాతలు సేకరించి, తన పుస్తకాలు తానే అచ్చువేసుకున్న బి.ఎన్. శాస్త్రి పుస్తకాలకు మూడు కొటేషన్లు ఎవడిస్తాడు? పి.వి. పరబ్రహ్మశాస్త్రి కాకతీయుల మీద రాసిన 1978 నాటి పుస్తకం ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కనిపిస్తే, ఆ అమ్మే మనిషిని లెటర్‌హెడ్ తెమ్మంటారా? అలాంటి పుస్తకాలు జాబితాలోంచి ఒక్కొక్కటే రాలిపోతాయి. మూడు చోట్లా దొరికేవే, అంటే ఎక్కడైనా దొరికేవే, ర్యాకులోకి ఎక్కుతాయి.

నిబంధన ఉంది, ఏం చేస్తామని అనకండి. పుస్తకాలు మిగతా సరుకుల్లాంటివి కావనీ, పేరున్న విక్రేతల దగ్గర వాడుకలో ఉన్న షరతుల మీద కొనవచ్చనీ, టెండర్లు పిలవనక్కర్లేదనీ కేంద్ర ఆర్థిక శాఖే 1984లో చెప్పింది. 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో 215వ నిబంధన, ఏటా చదవడానికిచ్చిన వెయ్యి పుస్తకాల్లో ఐదు పోయినా మామూలు నష్టం కిందే లెక్కేయమంటుంది, నిర్లక్ష్యమో మోసమో లేకపోతే. పుస్తకం పోగొట్టినవాణ్ని ప్రభుత్వం ఆ మాత్రం నమ్ముతుంది. కొనేవాణ్ని మీరు నమ్మరు.

అవి ఢిల్లీ వారి మాటలు, మా విశ్వవిద్యాలయానికి సొంత నిబంధనలున్నాయంటారా? మరీ మంచిది. సొంతవైతే మార్చుకునే హక్కూ సొంతమే. వీసీ గారూ, వచ్చే పాలకమండలి సమావేశంలో ఒక్క తీర్మానం చేయండి: పుస్తకం మీది ధర, పది శాతం తగ్గింపు, ఒక్క రసీదు, శాఖాధిపతి సంతకం. ఈసారైనా ఆయన చేత నిజం మీద సంతకం పెట్టించండి.