పేరుకే ఓపెన్: ఒక పాత ఫోను ఆత్మకథ

నన్ను కొన్నది 2016లో. అప్పుడు నాలో ఉన్నది ఆండ్రాయిడ్ 6, ముద్దుపేరు మార్ష్‌మాలో. ఆ తర్వాత ఒక్కసారి కొత్త వెర్షన్ ఇచ్చారు, అంతే సంగతులు. నన్ను చేసిన కంపెనీ పేరు చెప్పను. వాళ్లకు నేను గుర్తుంటే కదా! ఫ్యాక్టరీ ముచ్చట్లూ వద్దు, ఫోన్లన్నీ ఒక్కలాగే పుడతాయి. వంశం గురించి మాత్రం చెప్పుకోవాలి.

మా వంశంలో మొదటి ఫోను హెచ్‌టీసీ డ్రీమ్, 2008లో అమ్మకానికొచ్చింది. ఆ ఏడాదే ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్‌ను గూగుల్ బయటపెట్టింది. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పైసా కట్టనక్కర్లేదు. అడుగున ఉన్న లైనక్స్ కెర్నల్‌కైతే ఇంకో నియమం: దాన్ని మార్చి అమ్మినవాళ్లు మార్చిన కోడ్‌ను కూడా అడిగినవాళ్లకు ఇచ్చి తీరాలి. ఇంతటి వంశంలో పుట్టానని కొన్నాళ్లు మురిసిపోయాను.

తర్వాత తెలిసింది అసలు సంగతి. జనం ఆండ్రాయిడ్ అనుకునే ప్లే స్టోర్, మ్యాప్స్, జీమెయిల్ ఏవీ ఆ ఓపెన్ కోడ్‌లో లేవు. అవి కావాలంటే ఫోన్ కంపెనీ గూగుల్ షరతులకు ఒప్పుకోవాలి. 2019లో అమెరికా ఆంక్షల వల్ల హువావే కొత్త ఫోన్లకు అవి అందకుండా పోయాయి. ఓపెన్ కోడ్‌ను మాత్రం ఎవరూ లాక్కోలేదు. అయినా ప్లే స్టోర్ లేని ఫోను యూరప్‌లో ఎవరిక్కావాలి? 2022 అక్టోబరులో మన కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు వేసిన రూ.1,337.76 కోట్ల జరిమానా కూడా ఇలాంటి షరతుల మీదే.

ఇక నా గోడు. బ్యాటరీ కాస్త నీరసించిందే తప్ప నాకే రోగమూ లేదు, అద్దం మీద గీత కూడా పడలేదు. నా వెర్షన్ పాతదని ఒకరోజు బ్యాంకు యాప్ తెరుచుకోనంది. వారం తిరక్కుండా ఇంట్లోకి కొత్త ఫోను వచ్చింది. నన్ను పాత చార్జర్లు, కరెంటు బిల్లులు ఉన్న సొరుగులో పడేశారు. నంబర్లన్నీ గుర్తుపెట్టుకున్నదాన్ని, పెళ్లి ఫొటోలన్నీ దాచినదాన్ని!

నన్ను కొన్నాయనకు ఇంజనీరింగ్ చదివే మనవడున్నాడు. వాడు సెలవులకొచ్చి నన్ను బయటికి తీశాడు. “దీనికి లినేజ్ ఓఎస్ ఎక్కిద్దాం తాతయ్యా, మళ్లీ పనిచేస్తుంది” అన్నాడు. ఆ ఓపెన్ కోడ్‌తోనే ఔత్సాహికులు తయారుచేసేది లినేజ్. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తట్టాడు. ‘మీరిప్పుడు డెవలపర్’ అని తెర మీద చూపించాను. జన్మలో నేనాడిన పెద్ద అబద్ధం అదే. వేరే ఓఎస్ ఎక్కాలంటే ముందు బూట్‌లోడర్‌కు, అంటే ఫోను వెలగగానే ఓఎస్‌ను లేపే ప్రోగ్రాముకు, ఉన్న తాళం తీయాలి. ఆ మీట దగ్గరికి వెళ్తే అది మసకబారి ఉంది, ఎంత నొక్కినా కదల్లేదు. కంపెనీ దాన్ని ముందే బిగించేసింది. కెర్నల్ కోడ్ కోసం వెతికితే దొరికింది ఏదో పాత ముక్క, నాలో నడిచేది కాదు. కెమెరా డ్రైవర్ల కోడ్ అసలే లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు.

పోనీ తాళం వచ్చిందే అనుకోండి, తాళం తీసిన ఫోన్లను చాలా బ్యాంకు యాప్‌లు నమ్మవు. ఆండ్రాయిడ్ ఓపెనే, కాదనను. ఫోన్లు తయారుచేసేవాళ్లకు ఓపెన్, కొన్నవాళ్లకు కాదు.

కొత్త ఫోను కొనేటప్పుడు మెగాపిక్సెళ్లు ఎన్నని అడుగుతారు కదా, అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో, బూట్‌లోడర్ తాళం తీయనిస్తారో లేదో కూడా అడగండి. షాపతను తెల్లమొహం వేస్తే, పెట్టె మీదున్న కస్టమర్ కేర్ నంబరుకు అక్కడి నుంచే ఫోన్ చేయండి.