మీ ఎస్సార్ మీకెందుకు సార్?

వారం రోజులుగా ఇదే ప్రశ్న. ఎస్సార్ అంటే నా సర్వీసు రిజిస్టరు. అందులో పుట్టిన తేదీ నాది, ఇంక్రిమెంట్లు నావి, సెలవులు నావి, ఎడమచేతి వేలిముద్రలూ నావే. పుస్తకం మాత్రం బీరువాది. బీరువా తాళం జూనియర్ అసిస్టెంటుది. సోమవారం ఆయన ట్రెజరీకి వెళ్లాడు. మంగళవారం ఆయన వచ్చాడు, తాళం రాలేదు. బుధవారం ఇద్దరూ వచ్చారు గానీ, "బిల్లుల టైము సార్!"

ఫండమెంటల్ రూల్స్ 74 కింద ఏటా ఆఫీసు పెద్దే ఆ పుస్తకం తీసి, ఉద్యోగికి చూపించి, చూసినట్టు సంతకం తీసుకోవాలి. మా దగ్గర రూలు పాటించరని అనను. సంతకం తీసుకుంటారు. ఓసారి అయిదేళ్లవి ఒక్కరోజే తీసుకున్నారు, పేజీ మీద అట్టముక్క కప్పి, సంతకానికి చోటు వదిలి. టీ చల్లారిపోతోందని నేనూ గీకి పడేశాను.

"ముప్ఫై నాలుగేళ్లుగా అడగలేదుగా, ఇప్పుడేమొచ్చింది?"

పుట్టుమచ్చ వచ్చింది. వచ్చే ఏడు రిటైరవుతున్నాను. పదో తరగతి సర్టిఫికెట్లో నాకు ఎడమ మోచేతి మీద పుట్టుమచ్చ ఉంది. మోచేతి మీద లేదు. ఎస్సార్లో ఏం రాశారో చూడాలి.

పదో తరగతి నామినల్ రోల్స్ రాసిన మాస్టారికే తెలుస్తుంది ఆ బాధ. పిల్లాడికి రెండు మచ్చలు చొప్పున నలభై మందికి ఎనభై, మధ్యాహ్నం బెల్లు కొట్టేలోగా. మనిషికి రెండు కావాలని బోర్డుకి తెలుసు, బ్రహ్మకి తెలియదు. ఒకడికి ఒళ్లంతా ఆవాలు చల్లినట్టుంటాయి. పక్కవాడు కడిగిన పళ్లెం. ఓ ఏడు ఓ కుర్రాడు రెండో మచ్చ దొరక్క, వెనక బెంచీలో కూర్చుని బాల్‌పెన్నుతో మెడ మీద పెట్టుకొచ్చాడు. చూసీ చూడనట్టు రాసేశాను. ఆ మచ్చ ఆ పూటే బోరింగు దగ్గర కడుక్కుపోయి ఉంటుంది. సర్టిఫికెట్లో మాత్రం శాశ్వతం. నా మోచేతిదీ బహుశా ఆనాడు కుట్టిన దోమే.

ఎస్సార్ చూడటానికి దారి లేక కాదు. సమాచార హక్కు చట్టం 2005 నుంచీ ఉంది. మండల స్థాయి ఆఫీసులో 5 రూపాయలు కడితే 30 రోజుల్లో చెప్పాలి. రహస్య నివేదికలో 'గుడ్' అని రాసినా ఆ ఉద్యోగికి తెలపాల్సిందేనని 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంతా బాగానే ఉంది. దరఖాస్తు పెట్టిన మర్నాటి నుంచి నా పింఛను కాగితాలు ఎవరి బల్ల మీద ఉంటాయి? నా గురించి రాసింది నేను చూస్తానంటే తగువులమారినట!

శుక్రవారం, కాజాలు తెచ్చాక, బీరువా తెరుచుకుంది.

ఎస్సార్లో మచ్చ కుడి మోచేతికి మారింది. నవ్వుకుంటూ పేజీలు తిప్పుతున్నాను. నామినీ పేజీ వచ్చింది. పెళ్లికి ముందు రాసింది. బంధుత్వం: తల్లి. వయసు: 48.

అమ్మ పోయి తొమ్మిదేళ్లు. ఆ పేజీలో అమ్మ నాకంటే పన్నెండేళ్లు చిన్నది.

"ఇది మార్పించుకోవాలి సార్," అన్నాడాయన, ఈసారి మెత్తగా.

మార్పించుకోవాలి. ఎర్రసిరాతో అడ్డంగా గీత కొట్టి, పక్కన సంతకం పెట్టాలి. సోమవారం వస్తానని చెప్పి లేచాను.

ఏటా చూపించి ఉంటే, ఏడాదికోసారైనా కనిపించేది.