పదకొండో అవతారం

కొండపల్లి బొమ్మల కళాకారులకు శుభవార్త. ఇక మీదట బొమ్మలు చెయ్యనక్కర్లేదు. చేస్తున్నట్టు కనిపిస్తే చాలు.

ఇన్నాళ్లూ ఆ బొమ్మల కాలనీ వాళ్లకి అసలు సంగతి తెలియలేదు పాపం. తెల్ల పొణికి కర్ర అడవిలో కరువైపోతోందనీ, పిల్లలు ఉలి వదిలేసి నెలజీతాల వైపు పోతున్నారనీ, బొమ్మల కొలువు పెట్టే ఇళ్లు తగ్గిపోయాయనీ ఏవేవో కారణాలు చెప్పుకుని కుమిలిపోయారు. అవేవీ కాదట. వాళ్ల ఇబ్బందులన్నిటికీ మూలం ఒక్కటే: ఇన్‌స్టాగ్రామ్‌లో వాళ్లకి ‘ప్రెజెన్స్’ లేదు. ఈ రోగనిర్ణయం చెయ్యడానికి లాప్‌టాప్ సంచీతో దిగిన నిపుణుణ్ణి మీరు ఏ ఊళ్లో చూసినా గుర్తుపట్టేస్తారు. జన్మలో ఒక్క బొమ్మ అమ్మి ఉండడు. బొమ్మలు ఎలా అమ్మాలో చెప్పే కోర్సు మాత్రం బ్రహ్మాండంగా అమ్ముతాడు.

శిక్షణ శిబిరంలో సంభాషణ దాదాపు ఇలా నడుస్తుంది.

“పెద్దాయనా, ఈ అంబారీ ఏనుగు చెయ్యడానికి ఎన్నాళ్లు పడుతుందండీ?”

“కర్రని బట్టి బాబూ. తేమ పోవాలి, చెక్కాలి, తొండం వేరే, కాళ్లు వేరే చేసి అతకాలి, ఆకురాయి పట్టాలి, సున్నం పూసి ఎండబెట్టాలి, ఆ తర్వాత రంగు...”

“ఇదంతా పదిహేను సెకన్లలో అయిపోవాలి.”

“చెప్పడమా బాబూ, చెయ్యడమా?”

“చూపించడం. అందులోనూ మొదటి మూడు సెకన్లే ముఖ్యం. ఆలోపు ఆకట్టుకోకపోతే చూసేవాడి వేలు ఆగదు. కాబట్టి పూర్తయిన ఏనుగుని మొదటే చూపించెయ్యండి.”

“పూర్తి కాకుండా మొదటే ఎలా చూపించేది?”

“ఇదిగో, ఇందుకే మీకు మార్కెటింగ్ రాలేదు.”

నిపుణుడి కంగారులో న్యాయం లేకపోలేదు. చేతిపనిలో సగం భాగం ఆగడమే. పచ్చి పొణికిని సన్నటి సెగకి పెట్టి తేమ పోయేదాకా ఆగాలి. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అవయవాలు అతికించాక అది బిగిసేదాకా ఆగాలి. సున్నం పూత ఎండేదాకా ఆగాలి. శ్రీకాళహస్తి కలంకారీ అయితే మరీ ఘోరం. కరక్కాయ, గేదెపాలు పట్టించిన గుడ్డ ఆరాలి. ఇనుప తుక్కూ బెల్లమూ నీళ్లలో నాని పులిసి నల్లరంగు కావడానికి రోజులకు రోజులు పట్టాలి. మధ్య మధ్య ఉతకాలి, మళ్లీ ఎండబెట్టాలి. ఇదంతా చూస్తూ కూర్చోడానికి ఎవరికి తీరిక? ఆగినవాణ్ణి అల్గారిథమ్ మరిచిపోతుంది. రోజుకో రీల్ పడాల్సిందే, పండగ రోజుల్లో రెండు. రీల్ నిడివి మొదట్లో పదిహేను సెకన్లు, 2025లో మూడు నిమిషాల దాకా పెంచారు కదా అని సంబరపడకండి. చూసేవాడి ఓపికను ఎవరూ పెంచలేదు.

కాబట్టి దినచర్య మారాలి. పొద్దున్నే బాడిత పట్టుకునే ముందు ట్రైపాడ్ నిలబెట్టాలి. రంగులు వెయ్యడానికి పనికొచ్చే మంచి వెలుతురంతా షూటింగుకి పోవాలి. ఆకురాయి గరగర ఎవడికి కావాలి, దాని మీద ఈ వారం ఊపులో ఉన్న సినిమా పాట పరచాలి. తాటిచెట్టెక్కే గీతకార్మికుడి బొమ్మ ఐటమ్ సాంగుకి ఊగాలి. మొగుడు చెక్కితే పెళ్లాం రంగులేసే ఇంట్లో ఇప్పుడు తియ్యడానికి ఒక మనిషి కావాలి, ఎడిటింగ్‌కి ఇంకొకరు, రాత్రి పదకొండున్నరకి ‘ప్రైస్ ప్లీజ్’ అన్నవాళ్లకి ‘నమస్తే మేడమ్’ అని జవాబివ్వడానికి మరొకరు. ఇంతమందికీ కలిపి వచ్చేది ఆ బొమ్మ ధరే. అదీ అమ్ముడుపోతే. పోకపోతే ‘రీచ్’ వస్తుంది. తరతరాలుగా దశావతారాలు చెక్కిన వాళ్లు ఇప్పుడు తమకు తామే పదకొండోది చెక్కుకోవాలన్నమాట. చతుర్భుజాలు తప్పనిసరి: ఒక చేత ఉలి, ఒక చేత ఫోను, ఒక చేత రింగ్‌లైటు, నాలుగోది ఎప్పుడూ కెమెరాకి టాటా చెబుతూ.

ముక్తర్షి అనే మునికి శివుడు ఈ విద్యను వరమిచ్చాడని కొండపల్లి ఆర్యక్షత్రియులు చెప్పుకుంటారు. శివుడు బోళావాడు, తపస్సుకి లొంగేవాడు. ఈ కొత్త దేవుడు ఏ తపస్సుకి మెచ్చుతాడో పూజారులకే తెలీదు. కొత్తగా పెట్టింది పైన, పాతది కింద అన్న వరసను 2016లో ఇన్‌స్టాగ్రామ్ పక్కనపెట్టి, ఎవరికి ఏం చూపించాలో తనే తేలుస్తానంది. 2018లో ఫేస్‌బుక్, వ్యాపారాల పేజీలను తగ్గించి చుట్టాలూ స్నేహితుల కబుర్లకే పెద్దపీట వేస్తానంది. అప్పటిదాకా చెమటోడ్చి ఫాలోవర్లను కూడబెట్టుకున్న వాళ్లకి అప్పుడర్థమైంది, ఆ ఫాలోవర్లకు తమ పోస్టు కనపడాలన్నా రుసుం చెల్లించాలని. ‘బూస్ట్’ అనే మీట ఉంది కదా, హుండీ అదే. చిన్న హుండీ కాదు. 2024లో మెటా కంపెనీ ఆదాయం దాదాపు 16,450 కోట్ల డాలర్లయితే, అందులో 16,000 కోట్లకు పైగా ప్రకటనల డబ్బే. ఆ కుప్పలో అడుగున ఎక్కడో, ఎడ్లబండి బొమ్మను నలుగురికి చూపించమని ఎవరో కట్టిన రెండొందలు కూడా ఉంటాయి.

దళారీ లేని వ్యాపారం అన్నది ఈ నిపుణులందరి నినాదం. పాత దళారీని నేను వెనకేసుకు రాను. అడ్వాన్సు ఇచ్చి నెత్తికెక్కేవాడు, పండగ ముందు ధర దించేవాడు, పట్నంలో రెట్టింపుకి అమ్ముకునేవాడు. కానీ ఆ దుర్మార్గుడు ఒక్క మంచి పని చేసేవాడు: సరుకు పట్టుకుపోయేవాడు. అమ్ముడుపోని బొమ్మ దుమ్ము అతగాడి గోడౌన్‌లో పడేది. కొత్త దళారీ సరుకు ముట్టడు, అడ్వాన్సివ్వడు, బాకీ పడడు, ఎదురుపడి తిట్టుకుందామన్నా ఊళ్లో ఉండడు. నీ పని చూపించి జనాన్ని కూర్చోబెడతాడు, ఆ కూర్చున్న జనానికి నీ బొమ్మకీ నీ బొమ్మకీ మధ్య టూత్‌పేస్టు ప్రకటన వేసుకుంటాడు, నీకేమో ఎర్రటి గుండెకాయలు పంచుతాడు. నెలకి పదివేల గుండెకాయలొచ్చినా కరెంటు బిల్లు కౌంటరు దగ్గర ఒక్కటీ చెల్లదు. పాతవాడు డబ్బులో వాటా తినేవాడు. ఈయన పగలు తింటున్నాడు.

ఇదంతా అమెరికా వాళ్ల మాయ అనుకుని మన ప్రభువుల్ని తక్కువ చెయ్యకండి. 2020 క్యాలెండరు ఒక్కసారి గోడకి తగిలించండి. జూన్ 29, టిక్‌టాక్ నిషేధం. జులై 8, మన దేశంలోకి రీల్స్ ప్రవేశం. జులై 27, అఖిల భారత చేనేత బోర్డు రద్దు. ఆగస్టు 3, అఖిల భారత హస్తకళల బోర్డు రద్దు. ఆగస్టు 7, జాతీయ చేనేత దినోత్సవం. ఆ శుభదినాన జౌళిశాఖ వారు పంచిన ప్రసాదం ‘వోకల్ ఫర్ హ్యాండ్‌మేడ్’ అనే హ్యాష్‌ట్యాగ్. 1952లో మొదలై, కమలాదేవి ఛటోపాధ్యాయ ఏళ్ల తరబడి నడిపించిన హస్తకళల బోర్డు పోయి నాలుగు రోజులే అయింది. మైల తీరకుండానే మేళం.

చివరి రోజుల్లో ఆ బోర్డు ఏం ఉద్ధరించిందయ్యా అని అడుగుతారు. పెద్దగా ఏమీ లేదు. వట్టి సలహా మండలి. అయితే చేతిపని చేసేవాడు ఢిల్లీలో అధికారి ఎదురుగా కూర్చుని నోరు విప్పగలిగే చోటు అంటూ ఒకటుండేది. హ్యాష్‌ట్యాగ్‌కి ఎదురుగా కూర్చోవడం కుదరదు. ప్రభుత్వం తగ్గాలి, పాలన పెరగాలి అన్న విధానం మేరకు రద్దు చేశామన్నారు. తగ్గడం కనిపించింది. ఆ ఆగస్టు 30న మన్ కీ బాత్‌లో ప్రధాని కొండపల్లి పేరు తలిచారు, ఏటికొప్పాక బొమ్మల్ని మెచ్చుకున్నారు. 2025 గణతంత్ర దినోత్సవాన ఏటికొప్పాక శకటం కర్తవ్యపథ్ మీద ఊరేగింది. చాలా బాగుంది, తెలుగువాళ్లందరం స్టేటస్ పెట్టుకున్నాం. ఆ బొమ్మకి కావలసిన అంకుడు కర్ర మీద స్టేటస్ పెడితే ఎవరూ చూడరనుకోండి, అది వేరే సంగతి.

ఇంక కొనేవాళ్లు. క్షమించాలి, చూసేవాళ్లు.

డాలస్‌లోని అక్కయ్య గారు ‘గూస్‌బంప్స్! మన సంస్కృతి!’ అని రాసి, కింద మూడు జెండాలు పాతి, ‘ఫ్రీ షిప్పింగ్ ఉందా’ అని అడుగుతారు. కూకట్‌పల్లి అన్నయ్య ‘ఇంత రేటా? ఎగ్జిబిషన్‌లో సగానికే ఇచ్చాడు’ అంటాడు. ఏ ఎగ్జిబిషనో, ఏ బొమ్మో అడక్కూడదు. ధర మాత్రం కామెంట్లలో చెప్పే ఆచారం లేదు. ‘డీఎం చెయ్యండి మేడమ్’ అనాలి. ఎందుకంటే అక్కడే రాసేస్తే పక్కింటివాడు పదిహేను తగ్గించి పెడతాడు, పైగా ధర అడిగేవాళ్ల కామెంట్లు పెరిగితే అల్గారిథమ్ సంతోషిస్తుందని నిపుణుడి ఉవాచ. అంగట్లో ధర చెప్పడానికి రహస్య మందిరంలోకి పిలిచే వ్యాపారం ఇదొక్కటే అనుకుంటాను. (సారా రోజుల్లో ఇంకోటి ఉండేదని పెద్దలంటారు.)

ఇన్‌ఫ్లుయెన్సర్ గారు వేరే జాతి. ‘బార్టర్ కొలాబ్’ చేద్దామండీ అంటారు. అంటే దశావతారాల సెట్టు ఉచితంగా పంపిస్తే, వారి డ్రాయింగ్ రూములో దాని పక్కన వారు నిలబడి రీల్ చేస్తారు. మత్స్యం నుంచి కల్కి దాకా మసకబారిపోతాయి, వారి చీర మాత్రం స్పష్టంగా వస్తుంది. కింద కామెంట్లన్నీ ‘చీర ఎక్కడ కొన్నారు?’

మరో పెద్దమనిషి ఆర్మీలో పని చేస్తున్నానని ఫోన్ చేస్తాడు. యాభై బొమ్మలు కావాలంటాడు, బేరమాడడు. బేరమాడని తెలుగు గొంతు వినగానే అనుమానం రావాలి, కానీ అవసరం చెవులు మూసేస్తుంది. డబ్బు మీ ఖాతాలో పడాలంటే ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటాడు. యూపీఐలో పిన్ కొడితే డబ్బు పోతుందే తప్ప రాదన్న ఒక్క ముక్క, రీల్‌కి ఏ పాట పెట్టాలో గంటసేపు చెప్పిన శిక్షణలో ఎవరూ చెప్పలేదు. ఇంత దాటుకుని నిజమైన ఆర్డరొకటి వస్తే, కొరియర్‌లో తాటిచెట్టు మట్ట విరుగుతుంది. అప్పుడు పార్సిల్ విప్పిన వీడియో ఉందా లేదా అనే మహా వ్యాజ్యం. అమ్మేవాడు వీడియో చెయ్యాలి, కొనేవాడూ వీడియో చెయ్యాలి. మధ్యలో బొమ్మ అనేదొకటి ఉన్న సంగతి ఇద్దరికీ గుర్తుండదు.

ఇంతకీ ఈ రీళ్ల వల్ల నిజంగా బాగుపడిందెవరు? ఇద్దరు. ఒకడు నకిలీవాడు. పూర్వం నమూనా ఎత్తుకుపోవాలంటే కొండపల్లి దాకా రావాలి, బొమ్మ కొనాలి. ఇప్పుడు ప్రతి కోణం నుంచీ, క్లోజప్‌లో, ఉచితంగా మనమే పంపిస్తున్నాం. అచ్చులో పోసిన రెజిన్ బొమ్మలూ, స్క్రీన్ ప్రింటు ‘కలంకారీ’లూ అదే హ్యాష్‌ట్యాగ్ కింద, అసలు సరుకు భుజం మీద చెయ్యేసి నిలబడతాయి. భౌగోళిక గుర్తింపు ఉంది కదా అంటారు. ఉంది. ఆ చట్టం 2003 నుంచీ అమల్లోనే ఉంది. ఆ ముద్ర చూపించి ఎవరో తెలియని పేజీవాడి మీద కోర్టుకెళ్లడానికి బొమ్మలు చేసుకునేవాడు పని మానుకోవాలి. అదీ కంటెంటే అనుకుంటే వెళ్లొచ్చు.

రెండోవాడు పట్నంలో ఉండే ‘క్యూరేటర్’. ఇతనికి ఇంగ్లీషు వచ్చు, కెమెరా ఉంది, నెల నెలా బూస్ట్ కట్టే స్తోమత ఉంది. ఇతని పేజీలో బొమ్మకి మూడింతల ధర. దాని పక్కన నలుపు తెలుపులో ముడతలు పడ్డ చేతుల ఫొటో. ఎప్పుడైనా గమనించారా, ఆ ఫొటోల్లో చేతులే ఉంటాయి. ముఖం ఉండదు. కింద పేరు అసలే ఉండదు, ‘మా ఆర్టిజన్’ అని ఉంటుంది. పేరు రాస్తే కొనేవాళ్లు నేరుగా ఆయన దగ్గరికే పోతారన్న భయం. నాకు వీళ్లందరిలోకీ ఎక్కువ మంట ఈ చేతుల ఫొటో మీదే.

ఫోన్ వల్ల ఒరిగిందేమీ లేదని నేననను. రంగులు వేసే ఆడవాళ్లు కొందరు, ఒకసారి కొన్నవాళ్ల నంబర్లు దాచుకుని, సంక్రాంతికీ దసరాకీ ముందు వాట్సాప్‌లో నాలుగు ఫొటోలు, ఫొటో కింద ధర, పైన ‘బాగున్నారా అండీ’ పెట్టి పంపిస్తారు. పాట లేదు, హుక్ లేదు, మసక వెలుతురు. తెలిసినవాళ్లు కొంటారు, వాళ్ల వదినలకి చెబుతారు. దీని మీద ఎవరూ కోర్సు పెట్టరు. నేర్పడానికి ఏమీ లేదు మరి, ఫీజు ఎలా అడుగుతారు?

అయినా నిపుణుల మాట కాదనడం ఎందుకు? వాళ్లు చెప్పిన విధానం నిజంగా అంత గొప్పదైతే బొమ్మలవాళ్లకే ఎందుకు పరిమితం చెయ్యాలి? వచ్చే ఒకటో తారీకు నుంచి జౌళిశాఖలోనూ హస్తకళల సంస్థల్లోనూ జీతాలు వ్యూస్‌ని బట్టి ఇవ్వండి. గుమాస్తా ఫైలు కదిలిస్తే స్లో మోషన్‌లో తియ్యాలి. డైరెక్టరు గారు సంతకం పెట్టే ముందు మొదటి మూడు సెకన్లలో ఆకట్టుకోవాలి. కలం గీరుకునే చప్పుడు మీద ట్రెండింగ్ పాట. సమీక్షా సమావేశాలు రోజుకొక రీల్, పండగలకు రెండు. ఒక వారం పోస్టు పడకపోతే రీచ్ తగ్గుతుంది, దాంతోపాటు బేసిక్కూ తగ్గుతుంది. కావాలంటే సొంత డబ్బుతో బూస్ట్ చేసుకోవచ్చు. శిక్షణ ఇచ్చిన నిపుణుడికి ఫీజు కింద గుండెకాయలు. యూనియన్ వాళ్లు వచ్చి ఈసారి డీఏ ఎంత అని అడిగితే మాత్రం అందరి ముందూ చెప్పకూడదు. డీఎం చెయ్యమనాలి.