ద్వారపాలక వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం

[ఆథరైజ్(రోల్స్ = "మేనేజర్,అకౌంటెంట్")]

అవతారిక: ఉద్యోగుల జీతాల పట్టీని అందించే వెబ్ సర్వీసులో, మైక్రోసాఫ్ట్ వారి ఏఎస్‌పీ డాట్ నెట్ కోర్ సంప్రదాయానికి చెందిన ప్రోగ్రామరు ఒక ఎండ్‌పాయింటుకు, అనగా బయటి అభ్యర్థనలను స్వీకరించే చిరునామాకు, శిరోభాగాన ఈ ఏకవాక్యాన్ని ఉంచి కృతార్థుడైనాడు.

ప్రతిపదార్థం: ఆథరైజ్ = అధికారం కలవారినే అనుమతించుము; రోల్స్ = పాత్రలను బట్టి, అనగా పేర్లతో నిమిత్తం లేకుండా వహించే బాధ్యతలను బట్టి; మేనేజర్ = మేనేజరునైనను; కామా = లేదా; అకౌంటెంట్ = అకౌంటెంటునైనను (అనుమతించుము అని అన్వయం).

తాత్పర్యం: ఈ రెండు పాత్రలలో ఏ ఒక్కటి ఉన్నవారైనా జీతాల పట్టీ చూడవచ్చునని, ఏదీ లేనివారు ఎంతటివారైనా వెనుదిరగవలసినదేనని భావం. మనుషులు బదిలీ అవుతారు, రాజీనామా చేస్తారు, పాత్రలు మాత్రం నిలిచి ఉంటాయి గనుక, అనుమతులను పాత్రలకు కట్టి ఆ పాత్రలను మనుషులకు అప్పగించే ఈ పద్ధతిని 1992లో అమెరికాలోని నిస్ట్ సంస్థ పరిశోధకులు ఫెరాయోలో, కూన్ ఒక నమూనాగా నిర్వచించగా, 2004లో అది ఆ దేశపు జాతీయ ప్రమాణమైంది.

విశేషం: ఈ వాక్యానికి ప్రాణం కామాయే. రెండు పాత్రలను కామాతో చేరిస్తే వికల్పం; అవే రెంటినీ విడివిడి ఆథరైజ్ వాక్యాలుగా ఒకదాని కింద ఒకటి వ్రాస్తే సముచ్చయం, అనగా రెండు పాత్రలూ ఒకే వ్యక్తికి ఉంటే తప్ప ప్రవేశం లేదు. చూపునకు స్వల్పమైన ఈ భేదం తెలియక పేర్చినవాడు, ఒక్కరూ చేరలేని ఎండ్‌పాయింటును నిర్మించి దానిని కట్టుదిట్టమైన భద్రతగా భావించే ప్రమాదం ఉంది.

పూర్వపక్షం: లాగిన్ అయినవారిని మరల పరీక్షించుట పునరుక్తి దోషం కాదా? పాత్ర లేనివారికి తెరమీది బటన్ దాచితే చాలదా?

సమాధానం: కాదు, చాలదు. లాగిన్ వ్యక్తి ఎవరో తేల్చుతుంది, ఈ వాక్యం ఆ వ్యక్తికి ఏది చెల్లునో తేల్చుతుంది. అందుకే గుర్తింపు లేనివారికి 401, గుర్తింపు ఉండి అర్హత లేనివారికి 403 అని సర్వర్ వేర్వేరు ప్రత్యుత్తరాలిస్తుంది. ఇక బటన్ మాటకు వస్తే, అభ్యర్థన పంపదలచినవారికి తెరతోనే పని లేదు.

వ్యాకరణజ్ఞులకు మరొక సందేహం కలుగుతుంది. సామాన్య విధిని విశేష విధి బాధించుట శాస్త్ర మర్యాద గదా, మరి ఎండ్‌పాయింట్లను మెథడ్‌లుగా కలిగిన క్లాసు మొత్తానికి ‘అలౌ అనానిమస్’, అనగా ఎవరైనా రావచ్చునని, వ్రాసి, లోపలి ఒక్క మెథడ్‌కు ఆథరైజ్ వ్రాస్తే ఏది గెలుస్తుంది? ఇక్కడ శాస్త్రం తలకిందులై అలౌ అనానిమస్సే గెలుస్తుంది, జీతాల పట్టీ ఊరందరికీ తెరుచుకుంటుంది. దీనిని సమర్థించడం ఈ టీకకు సాధ్యం కాదు.

అనుక్తం: అకౌంటెంటునని నిరూపించుకొన్నవారు చిరునామా చివరి ఉద్యోగి సంఖ్య 17ను 18గా మార్చితే, అది తమ శాఖలోని వ్యక్తిదో కాదో ఈ వాక్యం అడగదు. వస్తువు స్థాయిలోని ఈ లోపాన్నే సాఫ్ట్‌వేర్ భద్రతకై పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2019లోను, 2023లోను ఏపీఐ ముప్పుల జాబితాలో మొదటి స్థానాన నిలిపింది. మూలం చెప్పనిదాన్ని టీకాకారుడు అధ్యాహారం చేసుకోగలడు గానీ సర్వర్ చేసుకోలేదు గనుక, అడిగినవారి శాఖను ఆ రికార్డులోని శాఖతో పోల్చే మరొక పంక్తిని మెథడ్ లోపల ప్రోగ్రామరే వ్రాయవలసి ఉంటుంది.